మోకాళ్ళు కలిపి దిగమన్నది ఎవరు?

పోయిన వారం మకెరెతా టీచర్ని పెద్దాసుపత్రి వరండాలో వదిలేశాం, నోట్లోంచి ఒక అబద్ధం అప్పుడే బయటపడిన చోట. వైలోలోవా ఊరి ఆడపిల్లల నెట్‌బాల్ జట్టు సెమీఫైనల్ గెలిచింది. గెలుస్తున్న ఆ చివరి నిమిషాల్లోనే ఉనైసి బంతి కోసం గాల్లోకి లేచి, ఒంటికాలి మీద దిగి, మోకాలు లోపలికి మడతపడి కూలిపోయింది. ఎవరూ తోయలేదు. ఎవరూ తగల్లేదు. లిగమెంట్ పూర్తిగా తెగిందన్నారు డాక్టర్లు. ఆసుపత్రి ఫిజియో అమ్మాయి ఉనైసి తుంటి పక్కన చెయ్యి పెట్టి నొక్కి చూసి, బయటికి వచ్చి, మకెరెతాని ఒక్క ప్రశ్న అడిగింది. మోకాళ్ళు రెండూ అతికించుకుని దిగడం ఈ పిల్లకి ఎవరు నేర్పారు? మకెరెతా "నాకు తెలియదు" అంది.

నేర్పింది మకెరెతాయే.

ఇవాళ శుక్రవారం. రేపు రాజధాని సువాలో ఫైనల్. మధ్యాహ్నం ఎండ తగ్గాక మకెరెతా తన పెదనాన్న ఇలైతియాని వెంటబెట్టుకుని ఉనైసి వాళ్ళ ఇంటికి నడిచింది. ముసలాయన చేతుల్లో తంబువా ఉంది. తిమింగలం పన్ను, పాతబడి తేనెరంగు తేలింది, కొబ్బరిపీచు తాడు కట్టి ఉంది. మకెరెతా తల్లి పోయినప్పుడు వచ్చిన పన్ను అది. దాన్ని ఇంట్లోంచి తీయాలంటే చిన్న కారణం చాలదు.

తప్పు చేసిన ఇల్లు తంబువా తెచ్చి దెబ్బ తిన్న ఇంటి ముందు పెడుతుంది. ఆ ఇంటి పెద్ద చెయ్యి చాపి అందుకున్నాడంటే సంగతి అక్కడితో సరి. ఆ తర్వాత ఆ మాట ఎత్తిన వాడిదే తప్పు. హత్యల పగలు కూడా ఇలా చల్లారాయని ముసలాళ్ళు చెబుతారు. మంచి పద్ధతే. కానీ తప్పు చేసిన వాళ్ళకి ఎంత హాయిగా ఉంటుందో చూడండి. తప్పేమిటో నోరు తెరిచి చెప్పక్కర్లేదు. ఆ హాయి కోసమే తాను పోతున్నానని మకెరెతాకి దారంతా తెలుస్తూనే ఉంది. తెలిసీ కాళ్ళు ఆపలేదు.

ఉనైసి తండ్రి అపకూకి మకెరెతాకి వరసకి బావ. మామూలు రోజైతే గుమ్మం దగ్గరే మొదలుపెట్టేవాడు. నీ విజిల్ విని మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి మరదలా అనేవాడు. నీ మొహం చూసి మానేసుంటాయి బావా అని ఈమె అనేది. ఇరవై ఏళ్ళుగా ఇదే. ఇవాళ అతను లేచి నిలబడి, చాప చూపించి, "రండి టీచర్" అన్నాడు.

ఆ ఒక్క మాటకి మకెరెతా కళ్ళు చాప మీదికి దిగిపోయాయి. ఇక ఎత్తలేకపోయింది.

లోపల పాస్టరమ్మ కూడా ఉంది, ప్రార్థన చేసి వెళదామని వచ్చి. పెద్ద మనిషి, మెత్తని గొంతు, ఎవరినీ పల్లెత్తు మాట అనదు. గోడ పక్కన పరుపు మీద ఉనైసి, దిండు మీద ఎత్తి పెట్టిన కాలు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. దేశపు జట్టు శిబిరానికి పిలుపు వచ్చి నెల కూడా కాలేదు. ఆ కాలు వాచి, మెరుస్తూ, ఎవరో వేరే మనిషిది తెచ్చి అక్కడ పెట్టినట్టుంది. ఉనైసి తల్లి నిమ్మాకు టీ, ఉడికించిన కర్రపెండలం తెచ్చిపెట్టి, పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కప్పు ముట్టుకోవడానికి కూడా మకెరెతాకి చెయ్యి రాలేదు.

ఇక్కడ మూడేళ్ళు వెనక్కి పోవాలి. పోకపోతే ఆ కాలు ఎందుకలా ఉందో ఎవరికీ అర్థం కాదు, దేవుడి మీదికి తోసేసి అందరూ టీ తాగుతారు.

మూడేళ్ళ కిందట మకెరెతా సువాలో కోచ్‌ల శిక్షణకి వెళ్ళింది. అక్కడ నేర్పింది బంతి విసరడం కాదు, కింద పడకుండా దిగడం. ఎగిరిన పిల్ల నేల తాకే క్షణంలో ఒళ్ళు బరువంతా ఒక మోకాలి మీద పడుతుంది. ఆ మోకాలు తనంతట తాను నిటారుగా ఉండదు. పైనుంచి తుంటి పట్టుకోవాలి. తుంటి పక్కనుండే కండలో పట్టు లేకపోతే తొడ లోపలికి తిరుగుతుంది, మోకాలు దాని వెంట పోతుంది. మా పిల్లలు కర్రపెండలం బస్తాలు మోస్తారు, వాళ్ళకి బలమేం తక్కువ అనుకుంది మకెరెతా. బస్తా మోసే బలం వేరు, ఎగిరి దిగేటప్పుడు తొడని గాడిలో పెట్టే బలం వేరు అని చెప్పి పంపారు.

ఊరికి వచ్చి వెంటనే మొదలుపెట్టింది. చర్చి హాల్లో పిల్లల్ని పక్కకి తిరిగి పడుకోబెట్టి, మడమలు కలిపి ఉంచి పైమోకాలు తెరవమంది. లారీ ట్యూబు కోసి రింగులు చేసి, తొడలకి తగిలించి, వంగి పక్కకి నడిపించింది. పిల్లలు దానికి పీత నడక అని పేరు పెట్టి పొట్టలు పట్టుకుని నవ్వుకుంటూ చేశారు. హాలు కిటికీలకి అద్దాలు లేవు. రగ్బీ ఆడి వచ్చే కుర్రాళ్ళు ఆ కిటికీల్లో మోచేతులు పెట్టుకుని నిలబడేవాళ్ళు. వారం తిరక్కుండా పాస్టరమ్మ మహిళా సంఘం వాళ్ళని తీసుకుని వచ్చింది. కోప్పడలేదు. దేవుడి హాల్లో ఆడపిల్లలు పడుకుని కాళ్ళు తెరవడం బాగుంటుందా మకెరెతా, నువ్వే చెప్పు అంది.

కిటికీల దగ్గర్నుంచి కుర్రాళ్ళని తరమమని ఒక్కళ్ళకీ తోచలేదు. పిల్లల కాళ్ళు మూయించడమే తోచింది.

మకెరెతా వివరించగలిగేది. కిటికీలకి నాలుగు చాపలు కట్టగలిగేది. అదేం చెయ్యలేదు. ట్యూబు రింగులు ఇంటికి తీసుకుపోయి కోడిపిల్లల గంప మూతకి బిగించింది. అంతటితో ఆగినా బాగుండేది. పాస్టరమ్మ దగ్గర మంచి పేరు కోసం ఇంకో అడుగు వేసింది. ఆకు ఆట పెట్టింది. సీమపనస ఆకు ఒకటి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని హాలు మెట్టు మీంచి దూకాలి. దిగిన చోట కదలకుండా నిలబడాలి. ఆకు పడకూడదు. పడిందంటే మైదానం చుట్టూ పరుగు. ఆకు సంగతి పాస్టరమ్మ చెప్పలేదు, సంఘం చెప్పలేదు. అది మకెరెతా సొంత తెలివి.

పైగా దానివల్ల మ్యాచుల్లో లాభం కూడా కనిపించింది. బంతి పట్టాక దిగిన కాలు ఎత్తి మళ్ళీ పెడితే స్టెప్పింగ్ అని విజిల్ ఊదుతారు. వైలోలోవా పిల్లలు మేకు దిగినట్టు దిగి అక్కడే ఆగిపోయేవాళ్ళు. విజిల్ ఉండేది కాదు. ఎంత క్రమశిక్షణ, ఎంత మర్యాద అని సువా వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. మకెరెతా ఆ మెప్పు మూడేళ్ళు తిన్నది. ఆ మేకు ఇప్పుడు ఎవరి కాల్లో దిగిందో ఎదురుగా పరుపు మీద కనిపిస్తోంది.

ఇలైతియా ముసలాయన తంబువాని రెండు చేతులా పైకెత్తి మాట్లాడటం మొదలుపెట్టాడు. రెండు ఇళ్ళ తాతముత్తాతల్ని తలుచుకున్నాడు, తుపానులో ఒకరి కప్పు కింద ఒకరు తలదాచుకున్నది తలుచుకున్నాడు. మా బిడ్డ వల్ల మీ ఇంటి మీద ఒక బరువు పడింది, దాన్ని దించమని తల వంచి అడుగుతున్నాం అన్నాడు. తప్పు పేరు ఎత్తలేదు. ఎత్తకపోవడమే అక్కడి మర్యాద. మకెరెతా తల వంచుకుని, పెదనాన్న వెనక నక్కి కూర్చుంది. ఇంకొక్క నిమిషం, అంతే, అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

అపకూకి ఆనవాయితీ ప్రకారం అరచేతులు దొప్పలు చేసి మెల్లగా చప్పట్లు కొట్టాడు. ముందుకి వంగి చెయ్యి చాపాడు.

"నాన్నా, ఆగు," అంది ఉనైసి.

చాచిన చెయ్యి గాల్లో ఆగింది. ఇలాంటి చోట ఆడపిల్ల నోరెత్తడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

"తాతా, ఏ బరువు? పేరు చెప్పండి దానికి."

పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు పిల్లలు మధ్యలో రాకూడదమ్మా అన్నాడు ఇలైతియా, కోపం లేకుండానే.

"మీరు మాట్లాడేది నా కాలు గురించి తాతా. కాలిక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. పోవాలన్నా పోలేదు. నాన్న దాన్ని అందుకుంటే రేపట్నించి ఈ మాట నేను కూడా ఎత్తకూడదు. అందుకే ముందే అడుగుతున్నా. మేం క్షమించేది దేన్ని?"

పాస్టరమ్మ ఆ పిల్ల జుట్టు నిమిరి, ఇది ప్రభువు పెట్టిన పరీక్షమ్మా, మనిషి చేసింది కాదు అని నచ్చజెప్పబోయింది. ఉనైసి ఆమె చేతిని మర్యాదగానే తీసి పక్కన పెట్టింది. మకెరెతా వైపు చూసింది.

"ఫిజియో నన్ను కూడా అడిగింది పిన్నీ. మోకాళ్ళు కలిపి దిగమని ఎవరు నేర్పారని. నాకు తెలియదన్నాను. నీ పేరు చెబితే నీ చేతిలో విజిల్ లాక్కుంటారని భయమేసింది. ఆమె నవ్వింది. మీ టీచరు కూడా సరిగ్గా ఇదే మాట అంది అన్నది."

వారం రోజులుగా ఆ అబద్ధం తనొక్కదానిదే అనుకుంటోంది మకెరెతా. తెగిన మోకాలు వేసుకుని మంచం మీదున్న పిల్ల, తన కోసం, అదే గంటలో, అదే అబద్ధం ఆడింది. ఈ పిల్లని కాపాడాల్సింది తను. కాపాడింది ఈ పిల్ల. ఇంతకంటే ఎవరైనా వచ్చి చెంప మీద కొట్టినా బాగుండేది.

పెదనాన్న వెనకనుంచి మోకాళ్ళ మీద ముందుకి జరిగింది.

"ఆకు పెట్టింది నేను. సరిగ్గా దిగడం నాకు నేర్పారు, నాకు తెలుసు. పాస్టరమ్మగారు వద్దంటే తుంటి వ్యాయామాలు మానేశాను. ఆవిడ అడగని దాన్ని కూడా నేనే మొదలుపెట్టాను. ఆసుపత్రిలో అబద్ధమాడాను. బావా, బరువు పేరు అదీ."

పాస్టరమ్మ మొహం ఎర్రబడింది. నేను మోకాళ్ళు విరగ్గొట్టుకోమన్నానా మకెరెతా అని అడిగింది, అదే మెత్తని గొంతుతో. లేదండీ, మీరు కాళ్ళు మూసుకోమన్నారు, నేను మూయించాను అంది మకెరెతా. ఆ జవాబులో ఎదిరింపు లేదు.

అపకూకి చాచిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత ఇలైతియాతో, ఇది అందుకునే చెయ్యి నాది కాదు మామా, కాలు దానిది, అది చెప్పాలి అన్నాడు. తంబువా అలా ఎత్తి పట్టుకునే ఉన్నాడు ముసలాయన, చేతులు నొప్పి పుడుతున్నాయి.

"ఇవాళ తీసుకోను," అంది ఉనైసి. "రేపు నా చోట ఆడేది లోసనా, నా బిబ్ అదే వేసుకుంటుంది. నా చెల్లెలు. నీ దగ్గరే నేర్చుకుంది, అదే మెట్టు మీద. ఫిజియో నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి మెల్లగా కుంగమంది పిన్నీ, బాగున్న కాలి మీద. అది కూడా లోపలికే పడింది. నువ్వెప్పుడైనా లోసనాని అలా నిలబెట్టి చూశావా?"

చూడలేదు. లోసనాని కాదు, ఎవరినీ చూడలేదు.

"ముందు చూడు. చూసి నువ్వేం చేస్తావో నేను చూస్తా. అప్పుడు తీసుకుంటా నీ తంబువా."

మకెరెతా లేచింది. గుమ్మం దాకా పాస్టరమ్మ వెంట వచ్చింది. రేపు ఊరంతా రెండు లారీల్లో బయల్దేరుతోందని, ఊరి పెద్ద పొద్దున్నే నేలలో పొయ్యి తవ్వించి పందిని కాల్పిస్తున్నాడని, ముప్ఫై ఏళ్ళలో ఈ ఊరు ఒక ఫైనల్ చూడటం ఇదే మొదలని గుర్తు చేసింది. బెదిరించలేదు. చెప్పినవన్నీ నిజాలే.

హాల్లో పిల్లలు అప్పటికే చేరారు. తొమ్మిది మంది. కిటికీల్లో ఎప్పట్లాగే మోచేతులు. మకెరెతా నేరుగా కిటికీ దగ్గరికి పోయింది. ప్రాక్టీసు చూడటం కూడా నేరమా టీచర్ అని ఒకడు పళ్ళికిలించాడు. "చూడాలనుంటే లోపలికి రా. ముందు నీ మోకాలు చూస్తా," అంది. వాడి స్నేహితులు వాణ్ణి లోపలికి నెట్టబోయారు, వాడు పరుగెత్తాడు, వాడి వెంట మిగతావాళ్ళు. మూడేళ్ళ పని ఒక్క మాటతో అయిపోయింది. ఆ ఒక్క మాట అప్పుడే అని ఉంటే, అనుకుంది మకెరెతా.

ఇవాళ దూకుళ్ళు లేవంది. ఒక్కొక్కరే వచ్చి ఒంటికాలి మీద నిలబడి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు మెల్లగా కుంగమంది. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. ఇదేం ఆట పిన్నీ, కొంగల ఆటా అన్నారు. మొదటి పిల్ల కుంగింది. మోకాలు మెల్లగా, నిద్రలో తల వాలినట్టు, లోపలికి వాలింది. రెండో పిల్లదీ వాలింది. నవ్వులు తగ్గాయి. మకెరెతా నేల మీద చతికిలబడి, కళ్ళు మోకాలి ఎత్తులో పెట్టుకుని చూసింది. ఒక్కో మోకాలూ వాలుతుంటే తన చెయ్యే పట్టుకుని వంచుతున్నట్టు అనిపించింది.

లోపలికి వాలిన మోకాలు రేపే తెగుతుందని ఏ డాక్టరూ చెప్పలేడు. ఏళ్ళ తరబడి ఆడినా తెగకపోవచ్చు. కానీ ఉనైసిది తెగింది. ఈ పిల్లల్ని దింపింది కూడా అదే మెట్టు, అదే మనిషి. వాలిన వాళ్ళు రేపు ఆడరని మకెరెతా అప్పటికప్పుడే చెప్పేసింది. ఏడుపులు, గొడవలు, నేనెప్పుడూ పడలేదు కదా పిన్నీ అన్న వాదనలు అన్నీ అయ్యాయి. ఆమె కదల్లేదు. తుంటికి పట్టు రావాలంటే నెలలు పడుతుందని, సోమవారం నుంచి పీత నడక ఇదే హాల్లో మొదలని చెప్పింది.

ఎనిమిది మంది అయ్యేసరికి మోకాలు నిలబడినవాళ్ళు నలుగురు తేలారు. కోర్టు మీదికి దిగాలంటే కనీసం ఐదుగురు ఉండాలి. లేకపోతే ఫైనల్ ఆడకుండానే ఓడినట్టు. మిగిలింది లోసనా.

పదహారేళ్ళది, అక్క కంటే పొడుగు, అక్క కంటే ఎత్తు ఎగురుతుంది. ముందుకొచ్చి నిలబడి కుంగింది. మోకాలు లోపలికి పోయింది. పిల్లలందరూ చూశారు.

"ఇంకొక్కసారి చూడు పిన్నీ. నేను సరిగ్గా నిలబడలేదు."

మకెరెతా తల ఊపింది. లోసనా ఊపిరి బిగబట్టింది. పళ్ళు కరుచుకుని, మోకాలి మీదే కళ్ళు పెట్టి, గోరంత గోరంత కిందికి దిగింది. తొడ వణికింది. మోకాలు నిలబడింది. ఇంకా దిగింది, నిలబడింది. చిట్టచివర, పైకి లేచే ముందు, రెప్పపాటులో అది లోపలికి ఒకసారి తూలి మళ్ళీ దారిలోకి వచ్చింది. కోర్టులో పళ్ళు కరుచుకుని మోకాలు చూసుకుంటూ దిగేంత తీరిక ఏ పిల్లకీ ఉండదు.

వెనకనున్న పిల్లలకి అది కనపడలేదు. నిలబడింది, నిలబడింది అని గొల్లుమన్నారు. అప్పుడే ఏడ్చి కూర్చున్నవాళ్ళు కూడా లేచి లోసనాని వాటేసుకున్నారు. ఐదుగురు. జట్టు ఉంది, లారీలు ఉన్నాయి, ఫైనల్ ఉంది. చూసింది నేల మీదున్న మకెరెతా ఒక్కతే.

కాదు, ఒక్కతే కాదు. హాలు వాకిట్లో అపకూకి నిలబడి ఉన్నాడు, కూతుర్ని వీపు మీద మోసుకుని. తండ్రి భుజం మీదుగా ఉనైసి లోపలికి చూస్తోంది. ఆమె ఉన్న వైపు నుంచి చెల్లెలి మోకాలు స్పష్టంగా కనిపిస్తుంది. కళ్ళు చెల్లెలి కాలి మీంచి ఎత్తి మకెరెతా పెదాల మీద పెట్టింది.

లోసనా స్నేహితురాళ్ళ చేతుల్లోంచి విడిపించుకుని వచ్చి, పిన్ని ముందు కూర్చుని, మెరిసిపోతున్న మొహంతో అడిగింది.

"నిలబడింది కదా పిన్నీ? నువ్వు చూశావు కదా?"